రెండు పోట్లు

మా రేవులో సముద్రం రోజుకు రెండుసార్లు
ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతుంది.
పడవలు బురదలో పక్కకి ఒరిగి
కడుపులు కనిపించేలా పడుకుంటాయి.
పోటు మళ్ళీ వచ్చి తట్టి లేపేదాకా
తాళ్ళకి కూడా పని ఉండదు.

గోడకి ఇనుప నిచ్చెన. పదిహేడు మెట్లు.
తొమ్మిదోది లేదు.
ఎప్పుడు ఊడిందో కార్న్‌వాల్‌లో ఈ మూల ఎవరికీ గుర్తులేదు,
కాళ్ళకి మాత్రం కంఠతా వచ్చు:
ఎనిమిది దాకా దిగి, ఊపిరి బిగబట్టి,
పదిని వెతుక్కుంటాయి.

పక్కనే రాతి మెట్లు, గోడంత పాతవి.
వాటి మీద నాచు,
నాచు మీద నూనె,
నూనె మీద మా డెంజిల్
రెండేళ్ళ కిందట విరగ్గొట్టుకున్న తుంటి.

లవ్‌డే ట్రెంబాత్‌కి డెబ్బై మూడు.
కుడి మోకాలు ఆసుపత్రి ఇచ్చింది,
ఎడమది పుట్టుకతో వచ్చింది.
సముద్రం పోటు ఏ వేళకో పంచాంగంలా అచ్చేసి అమ్ముతారు.
ఆమె ఎడమ మోకాలి పోటుకి వేళాపాళా లేదు.
పిట్ట పేరు పెట్టుకున్న ఆమె పడవ, రెన్,
ఇరవై బారల దూరంలో.
ఇరవై బారలే.
వాన పడ్డ ప్రతి పొద్దునా గట్టు మీద నిలబడి
దాన్లో చేరిన నీళ్ళని కళ్ళతో తోడుతుంది.

చర్చి వెనక గదిలో మీటింగు.
తేలే తెప్ప వేస్తే సెలవులకొచ్చే తెల్ల పడవల వాళ్ళు
మూకుమ్మడిగా దిగుతారని ఒకడు.
కమ్మీ పెడితే ఫోటోలో రేవు పాడవుతుందని ఒకావిడ,
ఆవిడ ఇల్లు కొండ మీద.
పురావస్తు శాఖ కుర్రాడు మెత్తగా చెప్పాడు:
రెండొందల ముప్పై ఏళ్ళ రాయి,
ఒక్క బెజ్జం పడకూడదు.
లవ్‌డే లేచింది.
"నా పడవలో నీళ్ళు నిండాయి. ఎవరైనా తోడిపెడతారా?"
తొమ్మిది చేతులు లేచాయి. మంచి చేతులే, నాదీ ఒకటి.
"దించండి. తోడుకోవడం నాకు చేతనవును.
నేనడిగింది దారి."

ఏడాదిన్నర కాగితాలు నడిచాయి.
కాగితాలకి మెట్లు అక్కర్లేదు.
చివరికి పదకొండు బెజ్జాలకి అనుమతి,
రాయిలో కాదు, రాయికీ రాయికీ మధ్య సున్నంలో.
ముప్పై ఏళ్ళుగా వెల్డింగు చేస్తున్నాను,
గోడ చెప్పిన చోట ఇనుము నిలపడం
అప్పుడే నేర్చుకున్నాను.

కమ్మీ ఎత్తు తొమ్మిది వందల మిల్లీమీటర్లని రూల్ పుస్తకం.
చీపురుకర్ర అడ్డంగా పట్టి
ఎక్కడైతే సుఖమో చెప్పమన్నాను లవ్‌డేని.
ఆమె చెయ్యి ఎనిమిది వందల దగ్గర వాలింది.
రెండు కమ్మీలు వేశాను:
పైది పుస్తకానికి, కిందిది ఆమెకి.
బిల్లులో ఒకటే రాశాను.

మెట్ల మీద, రాతిని నొప్పించకుండా, చెక్క పలకలు.
చివర తెప్ప. మెట్లకీ తెప్పకీ మధ్య చిన్న వంతెన.
పోటులో అది అరుగులా చదునుగా ఉంటుంది,
ఆటులో నిటారుగా వేలాడుతుంది.
దానికి నేనేం చెయ్యలేను,
చంద్రుడితో మాట్లాడుకోవాలి.

ప్రారంభోత్సవం పదకొండింటికి.
ఐదున్నరకే, పోటు నిండుగా ఉండగా,
నేను చివరి బోల్టు బిగిస్తుంటే
వచ్చింది లవ్‌డే, చేతిలో ఎర్ర బకెట్టు.
రెన్‌ని ముందురోజే తెప్ప పక్కన కట్టాం.
దిగేటప్పుడు కమ్మీని ముట్టుకోలేదు.
అరవై రెండు బకెట్లు.
బోల్టు ఎప్పుడో బిగిసిపోయింది, లెక్కపెడుతూ కూర్చున్నాను.
ఎక్కేటప్పుడు పట్టుకుంది, కిందిదాన్ని,
మధ్యలో రెండుసార్లు ఆగి
సముద్రాన్ని చూస్తున్నట్టు నటించి.

రిబ్బను కత్తిరించినాయన
చేతికి బురద అంటిందని జేబురుమాలు తీశాడు.

నిచ్చెనకి తొమ్మిదో మెట్టు కూడా ఆ వారమే అతికాను.
పాత జాలరులు దానికి కాలు తగిలి
నన్ను తిడుతున్నారు.
వాళ్ళ కాళ్ళు ఇంకా పదినే వెతుక్కుంటున్నాయి.