రెండు కుట్లు వదులు

కల్వకుర్తి కాలేజి గ్రౌండు గోడకు ఆనుకొని
నా చెప్పుల కొట్టు.
గోడ అవుతల ఆట,
ఇవుతల బషీరు హోటల్ల దాని పంచాయితి.

రెండో బేసుకు మూడో బేసుకు నడిమిట్ల
నిలవడే పోరడు వల్లెపు తిరుమలేశు.
షార్ట్‌స్టాప్ అంటరట.
నాకు నోరు తిరగక నడిమి కాపల అంటుంట.
పద్నాలుగేండ్లు. గుప్పెడు మనిషి.
దేశానికి ఆడుతడా, ఆడడా
అన్నదే రోజూ లొల్లి.

"ఆడుతడు" అంటడు పీఈటీ జంగయ్య సారు
సాసర్ల చాయ ఊదుకుంట.
"బంతి బ్యాటుకు తాకకముందే వాని మడిమ లేస్తది.
అది నేను నేర్పలే."

"మడిమ లేస్తే సాలునా?"
కురుమూర్తి అడ్డం దలుగుతడు.
ఒకప్పుడు వాలీబాల్ల జిల్లాకు ఆడిండు,
మోకాలు వోయినంక ఎరువుల దుకాణం వెట్టిండు,
లెక్క తప్పడు.
"బంతి జర వంకర తిరిగితే
ఈగను కొట్టినట్టు గాలిని కొడుతడు.
మూడో బేసు ఎన్కకెల్లి ఇసిరితే
ఒకటో బేసు కాడికి రెండు దెబ్బలు దిని పోతది బంతి.
ఎంపిక జేసెటోళ్లు గుడ్డోళ్లా?"

"పరుగు ఆపుడు పరుగు జేసినట్టు గాదా?"

"ఆపిన పరుగు ఏ పుస్తకంల రాస్తరో చూపియ్యి సారూ."

సారు కాసేపు గ్లాసు తిప్పిండు.
"వాళ్ల నాయిన కట్టడాల మీద మేస్త్రి.
సెలవులొస్తే సాలు, కిందికెల్లి ఇసిరిన ఇటికెలు
పరంజి మీద నిలవడి పట్టిండు.
ఎదురువోయి పడితే ఏళ్లు చితుకుతయి,
అందుకే చెయ్యి ఎన్కకు దీసుకుంట పడుతడు.
బంతి వానికి దూది."

"ఇటికె చెప్పి వస్తది" అన్నడు కురుమూర్తి.
"బంతి చెప్పి రాదు."

ఆదివారం నాడు అచ్చంపేటోళ్లతోని ఆట.
ఆఖరి ఇన్నింగ్సు.
వాని కాళ్లకాడికే వచ్చింది, అలకటి బంతి,
మా మనుమరాలు సుత పట్టేటిది.
ఏడ రాయి తాకిందో
భుజం మీదికెల్లి ఎగిరి పోయింది.
రెండు పరుగులు. ఓడినం.

సాయంత్రం హోటల్ల
గెలిచినోడు కురుమూర్తే.
అయినా ఒక్క మాట అనలే.
తన చాయ పైసలు, సారు చాయ పైసలు
తనే ఇచ్చి లేచిండు.

మర్నాడు తిరుమలేశు గ్లౌజు వట్టుకొచ్చిండు,
తాడు తెగిందని.
దులిపితే లోపలికెల్లి రాళ్లు రాలినయి,
శెనగిత్తనమంత, రేగుపండంత.
"పారెయ్యకు తాతా!
మోసం జేసినప్పుడల్లా ఎతికి పట్టుకున్న
ఒక్కొక్కదాన్ని."

నలభై ఏండ్ల సంది తోలు చూస్తున్న.
చెప్పు అరిగిన తీరు జూసి
మనిషి ఏ కాలు మీద బరువేస్తడో చెప్పొచ్చు.
ఈ గ్లౌజు
అరచేతి మీద కొత్తదానిలెక్కనే ఉంది.
అరుగుడంతా ఏళ్ల మొదట్ల,
రూపాయి బిళ్లంత జాగల,
వెయ్యి బంతులు ఒక్కతాన్నే వడ్డట్టు.

ఈ సంగతి హోటల్ల ఎవ్వరికి దెల్వది.
నన్ను ఎవ్వరడిగిండ్రు?
అడిగినా ఏం జెప్పేది?
తోలు ఇప్పటిదాంక అయినదే చెప్తది.
ముందల అయ్యేది దానికీ దెల్వది.

నల్లదారం రెండు పేటలేసి,
మైనం రాసి, గుంజి కుట్టిన.
చిటికెనేలు కాడికి వచ్చేసరికి
చెయ్యి దానంతటదే ఆగింది.
రెండు కుట్లు వదులు వెట్టిన.

"గక్కడ సందెందుకు తాతా?"

"చెయ్యి పెరుగుతది గద."

పది రూపాయలిచ్చిండు. తీసుకున్న.
రాళ్లు లెక్కవెట్టుకున్నడు, పదకొండు.
జేబులేసుకొని
గోడ దుంకిండు.