ఫిబ్రవరి రెండు, మార్కాపురం

గ్రంథాలయం వసారాలో నల్లబోర్డు నా చేతికిందిది.
పొద్దున్నే తలుపులు తీసి, పేపర్లు పరిచి,
అట్ట ఊడిన పుస్తకమొకటి ముందేసుకుని
'చరిత్రలో ఈ రోజు' ఎక్కిస్తాను.
జీతంలో లేని పని. ఎవరూ చెయ్యమనలేదు, ఎవరూ వద్దనలేదు.

పోటీ పరీక్షల పిల్లలు ఫోటో తీసుకుని పోతారు.
కాశింబీ ఒక్కతే నిలబడి చదివించుకుంటుంది,
పలకల ఫ్యాక్టరీకి పోతూ పోతూ,
కొంగులో దగ్గును మూటగట్టి:
"ఏం తిరుపాలూ, ఇయ్యాల ఎవరు సచ్చినారు?"

ఆ రోజు ఫిబ్రవరి రెండు. బోర్డు కిక్కిరిసింది.

నలభై మూడు.
స్టాలిన్‌గ్రాడ్‌లో ఆఖరి జర్మన్ దళం చేతులెత్తింది.
ఓల్గా గడ్డకట్టి ఉండేదని చెప్పాను, మనుషులు దాని మీద నడిచారని.
నమ్మలేదు.
కాసేపాగి తనే సర్దుకుంది:
"మన గుండ్లకమ్మ మీద నడవమా,
ఎండాకాలం, ఇసకలో."

డెబ్భై ఒకటి.
ఇరాన్‌లో రామ్సర్ అనే ఊళ్ళో
చిత్తడి నేలల్ని కాపాడతామని దేశాలు సంతకం పెట్టాయి.
"నీళ్ళకి సంతకమా!
మా సందులోకి ట్యాంకరు రావాలంటే
ఎవరి సంతకం కావాలో కనుక్కో."

తొంభై.
దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ళ పార్టీ మీద
ముప్పయ్యేళ్ళ నిషేధం ఎత్తేశారు.
దానికేమీ అనలేదు.
రాతిదుమ్ము పట్టిన అరచేయి తిప్పి చూసుకుంది.

రెండువేల ఆరు. అనంతపురంలో ఉపాధి హామీకి కొబ్బరికాయ.
"ఆ కార్డు నా పెట్టెలోనే ఉంది. చెదలు కూడా ముట్టలే."

మన ఊరి సంగతే కదా అని
ఒకటి అడుగున ఇరికించాను:
డెబ్భై. ఒంగోలు జిల్లా పుట్టుక.
గుంటూరులో ఒక ముక్క, నెల్లూరులో ఒక ముక్క,
కర్నూలు నుంచి మనల్ని కత్తిరించి
కుట్టిన బొంత.

కాశింబీ గోడకు ఆనుకుంది.
"అది నాకెరికే.
తాలూకాఫీసు బోర్డు మీద కర్నూలు అన్న మాటకి
ఒకాయన సున్నం కొడతా ఉన్నాడు.
నిచ్చెన పట్టేవాళ్ళు లేక నన్ను పిల్చినాడు.
తొమ్మిదేళ్ళు నాకు.
పట్టుకున్నా. కళ్ళల్లో సున్నం పడినా వదల్లే.
షెడ్డులో అదే నా మొదటి రోజు.
పొద్దెక్కి పోయినానని మేస్త్రి సగం కూలి కోసినాడు.
జిల్లా నాకు పావలా బాకీ."

చోటు లేదు.
అమెరికాకీ మెక్సికోకీ ఎప్పుడో జరిగిన సంధిని
చేత్తో తుడిచాను. ఎవరూ అడగలేదు.
రాశాను:
'1970. మార్కాపురంలో కాశింబీకి పావలా కోత.'

రెండుసార్లు చదివించుకుంది.
"దస్తగిరి కూతురు అని పెట్టు.
కాశింబీలు ఊర్లో నలభై మంది."
పెట్టాను, అక్షరాలు నలిపి, నలిపి.

పోతూ పోతూ బోర్డును వేలి కణుపుతో తట్టింది.
"ఇది పలక కాదు తిరుపాలూ, చెక్కకి నల్లరంగు.
పలకైతే పలుకుద్ది."

సాయంత్రం ఒక కుర్రాడు ఫోను పైకెత్తి,
"సార్, ఆ చివరిది పరీక్షలో వస్తుందా?"
రావచ్చు, అన్నాను.

తెల్లారి తడిగుడ్డ తీశాను.
స్టాలిన్‌గ్రాడ్, రామ్సర్, పావలా
అన్నీ ఒకే బరువుతో దిగాయి.
గుడ్డ పిండితే బకెట్లో ఒకే తెలుపు.

మూడో తారీఖు పేజీ పుస్తకంలో చిరిగిపోయి ఉంది.
సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను.
కాశింబీ వచ్చింది, చంకలో ఖాళీ బిందె,
కాదు, నిండు బిందె, చీర సగం తడిసి.
"ఇయ్యాల ఏముంది?"
నువ్వే చెప్పు, అన్నాను.

రాసింది ఒక్క పంక్తే:
'మూడో సందుకి ట్యాంకరు వచ్చింది.'
ఏ సంవత్సరమో వేయడం మరిచిపోయాను.