ప్రయాణికులకు గమనిక

పద్దెనిమిదేండ్లు
పాలమూరు బస్టాండు మైకు ముంగట
నా గొంతు నౌకరి చేసింది.
కోస్గి బస్సు మూడో నంబరు ప్లాట్‌ఫారం అంటే
కూసున్నోళ్లు లేసి మూడుకే పోయేటోళ్లు,
బోర్డు దిక్కు సూసేటోళ్లు కాదు.

ఓట్లు పదకొండు రోజులున్నయనంగ
ఒక కాయితం వచ్చింది.
పైన ‘అతి జరూరు’ అని ఉంది, కింద సంతకం లేదు.
చదువు మేడమ్, అన్నడు కంట్రోలరు.
చదివిన.
అనుమానాస్పద వస్తువులు, అనుమానాస్పద వ్యక్తులు...
అప్పటిదాంక ఆడ
మనుషులుండిరి, మూటలుండె.
అనుమానం నేను పెట్టిన.

బొంబాయి బస్సు దిగినరు నారాయణపేట దిక్కు కూలోళ్లు,
ఓటేయనీకె ఎవరో కిరాయి పెట్టి పిలిపిచ్చినోళ్లు.
కుక్క వాళ్ల మూటల వాసన సూసింది.
ముడి ఇప్పితే జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం,
పిల్లకు కొన్న పచ్చగాజులు.
ఒకటి పలిగింది.
పోండి పోండి, అన్నడు పోలీసాయన.

సీతాఫలాలమ్మే చాంద్‌పాషా గంపనైతే
మూడుసార్లు గుమ్మరిచ్చినరు.
మొదటిసారి నవ్విండు.
రెండోసారి వంగి కాయలేరుకున్నడు.
మూడోసారి గంప ఆడనే ఇడిసి
ఇంటికి నడిసిండు.
జరసేపటికి ఎవరో మొత్తుకున్నడు:
గంప! ఎవరిదో గంప!
బస్టాండంత ఉరికింది.
తెల్లారి పేపర్ల అదే గంప, ఫొటోతోని.

ఆ మాపటి సభల
ఒకాయన రొమ్ము మీద చెయ్యేసుకొని
మీ పానాలు కాపాడింది నేనే అన్నడు.
ఇంకో సభల ఇంకొకాయన
అంత నాటకం అన్నడు.
చప్పట్లు ఇద్దరికీ పడ్డయి.
పండ్లు టైర్ల కింద పడ్డయి.

ఓట్లయినయి. కాయితాలు రావుడు బందయింది.
ఫలానిది దొరికిందని ఎవరూ చెప్పలే,
ఏం దొరకలేదని కూడ చెప్పలే.
నేను అడగలే. అడిగేది ఎవర్ని?

నిన్న పొద్దుగూకంగ
వనపర్తి బస్సు ఐదుల కాదు, ఏడుల ఆగుతది అన్న.
రెండుసార్లన్న.
ఒక ముసలామె నా కిటికీ దిక్కు నిమ్మలంగ సూసింది.
మనుమని వీపు తట్టింది: పో, సూసి రా.
వాడు ఉరికిపోయి ఉరికొచ్చి
ఔనవ్వా, నిజమే చెప్పింది, అన్నంక
అప్పుడు సంచి పట్టుకొని లేసింది.

ఏడుల బస్సు
అప్పటికే రివర్సు తీస్తున్నది.