స్కోరుబోర్డు వెలగని రోజు

ఇవాళ టికెట్టు లేదు.
దక్షిణం వైపు గేటు బార్లా తెరిచి
గొలుసు కంచెకే వేలాడదీసి వదిలేశారు.
ఆగస్టు రెండో శనివారం, పొద్దున్న ఎనిమిదిన్నరకే
అల్యూమినియం బల్ల
అట్లపెనంలా చురుక్కుమంటోంది.
కాన్సస్ గాలి ఉందో లేదో
జెండాకే తెలియడం లేదు.

ఇమొజీన్ తువ్వాలు నాలుగు మడతలేసుకుని కూర్చుంది.
నలభై ఒక్కేళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి.
ఈ కాలేజీ టీములో ముగ్గుర్ని
ముక్కు కారే వయసు నుంచీ ఎరుగును.
"ఆ డెబ్భై ఒకటో నంబరు ఉన్నాడే, ఆ కొండ,
మొదటి రోజు బస్సు దిగనని
నా సీటు పట్టుకుని ఏడ్చాడు."

ఈల.
"మళ్ళీ!" అంటాడు కోచ్ రాడమాకర్.
బంతి జారితే, మళ్ళీ.
జారకపోయినా మళ్ళీ.

అందరి కళ్ళూ క్వార్టర్‌బ్యాక్ మీదే.
టెక్సస్ నుంచి తెచ్చుకున్నారట, పేరు డాషియల్.
బంతి వదిలాడంటే
పిడికిలి విప్పితే పిట్ట ఎగిరినట్టే.
పిల్లలు కంచెకు బల్లుల్లా అతుక్కుపోయారు.
మా వెనక వరసలో ఒకాయన
అప్పుడే నవంబరు దాకా గెలిచేశాడు.

నేను మూలకి చూస్తున్నాను.
గోల్‌పోస్టు వెనక ఒక కుర్రాడు
నడుం వంచి, లోకాన్ని తలకిందులుగా చూస్తూ
కాళ్ళ సందులోంచి బంతిని వెనక్కి విసురుతున్నాడు.
పదిహేను గజాలు.
అవతల పట్టుకునే మనిషి లేడు.
వల మీద తెల్ల టేపుతో ఒక చతురస్రం, అంతే.
విసురుతాడు. సంచీలో బంతులైపోతే
నడిచి వెళ్ళి ఏరుకొస్తాడు. వంగుతాడు.
హెల్మెట్ నుదుటన టేపు ముక్క మీద
మార్కరుతో పేరు: ప్రుయిట్.
చెమటకి చివరి అక్షరం కారిపోయింది.

ఈ పని బాగా చేసినన్నాళ్ళూ
అతని పేరు ఎవరికీ అక్కర్లేదు.
పేరు తెలిసిందంటే
ఆ సాయంత్రం ఏదో మునిగిందన్న మాట.

నాకు తెలుసు.
గోధుమ గోదాములో లారీలు తూచినవాణ్ణి, ముప్పైరెండేళ్ళు.
ముల్లు సరిగ్గా నిలిచినన్నాళ్ళూ
నా కిటికీ వైపు తల తిప్పినవాడు లేడు.
ఒక్క కోతల కాలంలో తేడా వచ్చింది.
ఊరంతా నా ఇంటిపేరు
స్పెల్లింగుతో సహా నేర్చుకుంది.

పదిన్నరకి డెబ్భై ఒకటి కంచె దగ్గరకొచ్చి
మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కక్కుకున్నాడు.
తల ఎత్తి చూసి
"సారీ, మిస్ ఇమొజీన్" అన్నాడు,
మూడువందల పౌన్ల ఒకటో క్లాసు గొంతుతో.
ఆమె కింద ఉన్న తువ్వాలు లాగి
నీళ్ళ సీసా దాని మీద గుమ్మరించి
కంచె పైనుంచి విసిరింది.
మిగతా ప్రాక్టీసంతా
నిలబడే చూసింది.

ఈల. మళ్ళీ.
ఎవడో ఎవణ్ణో దాటిపోయాడు, జనం లేచి అరిచారు.
నేను అలవాటు కొద్దీ బోర్డు వైపు చూశాను.
దీపాలు లేవు.
సున్నా కూడా లేదు అక్కడ.

చివరికి డాషియల్ ముందు వరస కట్టారు,
టోపీలు, చొక్కాలు, ఒకావిడ చేతికేసిన పిండికట్టు.
నేను వరసలో నిలబడలేదు.
మూల దాకా నడిచి వెళ్ళాను, నా మోకాలు తిడుతూనే ఉంది.

"ఎన్ని తప్పాయి?" అన్నాను.
కుర్రాడు వంగినవాడు వంగినట్టే
కాళ్ళ మధ్య నుంచి నన్ను చూశాడు.
"పదకొండు సార్."
"నా లెక్కకి పదే."
"ఒకటి టేపు మీద తగిలింది," అన్నాడు,
"అది గీత. లోపల కాదు."

ఇంకేం మాట్లాడతాం.
సంచీ నోరు పట్టుకుని నిలబడ్డాను.
అతను ఒక్కొక్క బంతీ అందులో వేస్తుంటే
బరువు చేతికి తెలుస్తోంది.