రాత్రి మీటరు

ఉలాన్‌బాతర్ ఉత్తరపు కొండవాలులో
ఇంటింటికీ తిరిగి మీటర్లు చూడటం నా పని.
మైనస్ ముప్ఫైలో పెన్ను గడ్డకడుతుంది,
అందుకని పెన్సిలు.
పగలంతా పీల్చిందేమిటో
సాయంత్రం రుమాలు నల్లగా చెప్పేస్తుంది.

మూడేళ్ల కిందట మా వీధికి హీటర్లొచ్చాయి,
లారీ నిండా.
అట్టపెట్టె మీద ఆకుపచ్చ ఆకు,
కనిపెట్టిన కంపెనీ పేరు బంగారు అక్షరాల్లో.
రిబ్బను కత్తిరించినవాళ్లు
ఫొటోలు దిగి
వేడి వేడి కార్లలో వెళ్లిపోయారు.

ఆ రాత్రి ఎనిమిదింటికి
నూట నలభై ఉన్ని గుడారాల్లో
ఒక్కసారే స్విచ్చులు పడ్డాయి.
స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మరు
ముసలి ఒంటెలా మూలిగి
కూలబడింది.

తెల్లారేసరికి మళ్లీ అదే బొగ్గు, అదే దగ్గు.
దుల్మా అవ్వ హీటరు మీద పాలగిన్నె పెట్టుకుంది.
"మంచి పీటే నాయనా,
కదలదు."

ఆ తర్వాత జరిగినదాంట్లో
చెప్పుకోవడానికి పెద్ద కథ లేదు.
వార్డు ఆఫీసులో నార్మాందఖ్ అని ఒకావిడ.
ఆమె బల్లకు ఒక కాలు పొట్టి,
కింద మడిచిన పాత సర్క్యులరు.
ట్రాన్స్‌ఫార్మరు కావాలని ఉత్తరం రాసింది.
అది పంపిణీ శాఖ పని, అన్నారు.
పంపిణీ శాఖ, డబ్బు నగరపాలికది, అంది.
నగరపాలిక, అసలు ఆ స్థలాలకు కాగితాలున్నాయా, అంది.
నా టేపు అడిగి తీసుకుని
మోకాలి లోతు మంచులో కంచె కంచె కొలిచింది.
బూట్లు అరిగాయి.
గుమాస్తా మారాడు.
ఫైలు పోయింది.
జిరాక్సు ఆమె దగ్గరుంది.
రెండో చలికాలం కూడా పోయింది.

పదిహేడో ఉత్తరానికి జవాబు రాలేదు.
ట్రాన్స్‌ఫార్మరు వచ్చింది.

వెనకాలే రాత్రి కరెంటుకు సగం ధర.
అయినా నా పుస్తకంలో అంకెలు తగ్గలేదు.
పాలిటెక్నిక్ మధ్యలో మానేసిన తుగుల్దుర్
గుడారం అంచున చెయ్యిపెట్టి చూశాడు,
జ్వరం చూసినట్టు.
"వేడి ఇక్కణ్నుంచి పారిపోతోంది."
గొర్రె ఉన్ని దట్టించి, కాన్వాసు కుట్టి,
గుడారం నడుముకు ఓ పరికిణీ చుట్టాడు.
"మా అమ్మా కుట్టేది ఇలాంటిది," అంది దుల్మా అవ్వ,
"నువ్వు దానికి థర్మామీటరు పెట్టావు, అంతే."

అంతే.
కానీ ఆ కొలతల కాగితం మీద
నార్మాందఖ్ ముద్ర వేసింది,
ముద్ర చూసి బ్యాంకు అప్పిచ్చింది,
అప్పుతో వీధి చివర నాలుగు కుట్టుమిషన్లు.
దుల్మా అవ్వ మీటరు
రాత్రికి ముప్ఫై ఒకటి నుంచి పంతొమ్మిదికి దిగింది.
పెన్సిలుతో రాసి,
నమ్మకం చాలక మళ్లీ చూశాను.

నిన్న పొద్దున ఎదురుగా కొండ కనిపించింది.
పిల్లలు దాన్ని వేలెత్తి చూపిస్తున్నారు
కొత్తగా ఎవరో కట్టినట్టు.

నగరం అవతల విద్యుత్ కేంద్రం పొగగొట్టం
ఇంకా ఊపిరి వదులుతూనే ఉంది.
"మన పొగే అక్కడికి కాపురం మార్చిందా?"
అని అడిగాను.
నార్మాందఖ్ అబద్ధమాడలేదు.
"కొంత," అంది,
సొరుగులోంచి తెల్లకాగితం తీసి
పైన కుడివైపు తేదీ వేస్తూ.

దుల్మా అవ్వ గుమ్మం పక్కన
బొగ్గు బస్తా ఒకటి ఇంకా అలాగే ఉంది,
మూతి కట్టి.