ఏడో మిషను

ఆదోనిలో, మార్కెట్టు యార్డు వెనక
మూతబడిన జిన్నింగు షెడ్డుకే రంగేసి
మ్యూజియం అని రాసినారు.
టికెట్టు పది రూపాయలు. చింపేది నేను.

లోపల పద్దెనిమిది మిషన్లు, చుట్టూ తాళ్లు.
పచ్చ పెయింటు కింద
నూనె పోసే రంధ్రాలు సుద్దా పూడిపోయినాయి.
బోర్డుల మీద బరువుంది, ఏడాదుంది,
ఓడ దిగిన రేవు పేరు కూడా ఉంది.

మొన్న బేస్తవారం దస్తగిరమ్మ వచ్చింది.
కొంగుముడి విప్పి చిల్లర లెక్కబెట్టి ఇచ్చి
టికెట్టు చింపొద్దు, దాచుకుంటాననింది.
ఏడో మిషను కాడ నిలబడి
శానాసేపు ఏమీ అనలేదు.
తర్వాత దగ్గింది.
ఆ దగ్గులో ఇంకా దూది ఉంది.

"దీన్ని తిరగేసి పెట్టినారు.
బెల్టు నాకు ఎడమపక్క కదా తిరిగేది!
లేకుంటే ఇవెట్ల పోతాయి?"
ఎడమ చెయ్యి చాపింది.
చిటికెనవేలూ దాని పక్కదీ
మొదట్లోనే ఆగిపోయినాయి.

సారు పాత ఫోటో తెచ్చినాడు,
దాన్ని చూసే కదా మిషన్లు నిలబెట్టింది.
ఫోటోలో గోడమీది మిల్లు పేరు
అద్దంలో అక్షరాల మాదిరి
వెనక్కి నడుస్తా ఉంది.
రెండేండ్లుగా దాని కిందనే కూచొని టీ తాగినాం,
ఒక్కరమూ చదవలేదు.

నలుగురు హమాలీలు, రెండు గడ్డపారలు,
ఒక మధ్యాహ్నం పట్టింది.
ఆమె అంతసేపూ పోలేదు.
తాడు దాటి, మిషనుకు ఆనకుండా,
అలవాటైనంత దూరంలో నిలబడి
"ఇప్పుడు సరే" అనింది,
ఎవరో తనను అడిగినట్టు.

రాత్రి తాళం వేసేముందు
మేకుతో పెయింటు గీకి
రెండు చుక్కలు నూనె పోసినా.
సారుకు చెప్పలేదు.