ఆరో గడి

రొసారియోలో జూలై అంటే చలి.
సాన్ లూయిస్ వీధిలో తక్కెడలూ గల్లాపెట్టెలూ అమ్మే కొట్టుకి
నన్ను వెంటబెట్టుకెళ్ళాడు దోన్ ఎవరిస్తో.
"పట్టుకునే చెయ్యి నీది,
ఎంచుకునే చెయ్యీ నీదే అవ్వాలి" అన్నాడు.
డబ్బు మాత్రం ఆయన కోటు జేబులో,
పొద్దుటి కంటే అప్పటికే కాస్త పలచబడి.

పాత గన్ను ట్రిగ్గరు మార్చిలో విరిగింది.
రబ్బరు బ్యాండు చుట్టి ఏప్రిల్ అంతా ఈడ్చాం.
మేలో చేత్తో రాశాం.
జూన్ వచ్చేసరికి నా మణికట్టు
నిద్రలో కూడా దుప్పటి మీద అంకెలు గీకేది.

అమ్మేవాడు పాస్కువాల్, చెవి వెనక పెన్సిలు.
గాజుబల్ల మీద మూడు పెట్టాడు.

నీలంది తేలిక,
పిచ్చుకని గుప్పిట్లో పట్టుకున్నట్టు.
కానీ నాది ఎడంచేతి వాటం. నొక్కగానే లేబులు
డబ్బాని వదిలేసి నా చొక్కా చేతిని పట్టుకుంది.

ఎర్రది రెండు వరసలు కొడుతుంది,
పైన తేదీ, కింద ధర.
"తేదీ ఎందుకమ్మా,
పాలకంటే ముందు ధరే విరుగుతోంటే"
అన్నాడు దోన్ ఎవరిస్తో. నవ్వలేదు.

బూడిదరంగుది బరువు.
మూత తెరిస్తే రోలు తనంతట తాను కూర్చుంది,
ఇంకు నా గోళ్ళ దాకా రాలేదు.
నొక్కాను. టక్. ఇంకోసారి. టక్.
గాజు మీద తిన్నగా, నున్నగా,
సున్నాల లేబులు.

"దీనికి ఆరు చక్రాలేమిటి?
మా పాతదానికి నాలుగే."
పాస్కువాల్ పెన్సిలు తీసి చూసి మళ్ళీ పెట్టుకున్నాడు.
"నాలుగువి వెనక్కి తెచ్చి ఇచ్చేస్తున్నారు సార్."

దోన్ ఎవరిస్తో చాలాసేపు నిలబడ్డాడు.
ఎదిగే పిల్లాడికి
రెండు సైజులు పెద్ద చొక్కా కొనే తల్లి
అలా నిలబడుతుంది. కానీ ఆ తల్లి ముఖంలో
కొంచెం సంతోషం ఉంటుంది.

ఈలోగా ఫోను మోగింది.
పాస్కువాల్ విన్నాడు, ఊఁ అన్నాడు, పెట్టేశాడు.
నా చేతిలోంచి మర్యాదగా గన్ను తీసుకుని
చక్రాలు తిప్పి
దానితోనే
దాని పెట్టెకి కొత్త ధర అతికించాడు.
"క్షమించండి. ఇప్పుడే చెప్పారు."

కొన్నాం.
బస్సులో చూశాను, దోన్ ఎవరిస్తో మోచేతికి
ఒక సున్నాల లేబులు.
పీకేద్దామనుకున్నాను. ఎందుకో చెయ్యి రాలేదు.

ఇప్పుడు అరల మధ్య రోజంతా నా టక్ టక్.
అది వినపడగానే జనం నాకంటే ముందు
పక్క అరకి పరిగెడతారు.
పీచుపళ్ళ డబ్బా మీద లేబుళ్ళు ఉల్లిపొరలంత మందం.
ఫెలీసా ఒరోన్యో ఓపిగ్గా గోటితో ఒలుచుకుంటూ,
జూలై, జూన్, మే,
ఫిబ్రవరి దాకా దిగి
డబ్బా నాకు చూపించింది:
"ఇక్కడ ఆగుదాం తల్లీ."
గల్లా దగ్గర దోన్ ఎవరిస్తో ఆ డబ్బాని
అటూ ఇటూ తిప్పాడు.
ఫిబ్రవరికే ఇచ్చాడు. ఒక్కటే.
రెండో డబ్బా ఆమే అరలో పెట్టేసింది.

ఆరో చక్రంలో సున్నాకి ముందు ఒక ఖాళీ గడి ఉంది.
దాన్ని అక్కడే ఆపి ఉంచాను.
షట్టరు ఎత్తకముందు రోజూ
దోన్ ఎవరిస్తో గన్ను అందుకుని
కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి
ఆ చిన్న కిటికీలోకి
థర్మామీటరు చూసినట్టు చూస్తాడు.
"ఇంకా ఖాళీయే" అంటాడు. అప్పుడు షట్టరు.

సెప్టెంబరులో ఒక మంగళవారం
ఆయన గన్ను అడగలేదు.
నేనూ ఇవ్వలేదు.
పై అరలో విస్కీ సీసా దించి దుమ్ము తుడిచి
ఎడం బొటనవేలితో
ఆరో చక్రాన్ని ఒక్క పన్ను తిప్పాను.